గోడకు కట్టేసిన ఎద్దులు

సైబరాబాద్‌లో ఎద్దుల సంతతి బాగా వృద్ధి చెందింది. రాయదుర్గం మెట్రో దగ్గర దిగి కోకాపేట దాకా ఏ టవర్‌లోకైనా దూరి చూడండి, లాబీకి ఒక జత తప్పదు. తెల్లటి ఒళ్ళు, రంగు పూసిన కొమ్ములు, మెడలో గంటలు. గడ్డి అడగవు. పేడ వేయవు. గాలికుంటు రాదు, వానలకు ముందు సూదులు పొడిపించే పని లేదు. రిసెప్షన్ బల్ల వెనక ఎనిమిదడుగుల కాన్వాసులో గోడకు కట్టేసి ఉంటాయి. పక్కన తలపాగా చుట్టి నాగలి భుజానేసుకున్న రైతు, అతని వెనక చంకలో బిందెతో పెళ్ళాం, ఆ వెనక తాటిచెట్ల మీదుగా గుంకుతున్న పొద్దు. పల్లెలో పత్తిలో గుంటుక తోలించుకోవాలంటే మాత్రం, ఎద్దులున్న ఇల్లు వెతుక్కుని వారం ముందే పోయి బతిమాలుకోవాలి.

ఈ ఎద్దులను లాబీలోకి తోలుకొచ్చేది చిత్రకారుడు కాదు, అడ్మిన్ డిపార్ట్‌మెంటు. వాళ్ళు బొమ్మను చదరపు అడుగు లెక్కన కొంటారు. ముందు సోఫా రంగుతో పొంతన చూస్తారు. తర్వాత వాస్తు: ఎద్దుల మొహం లోపలికి తిరిగి ఉండాలి, బయటికి తిరిగితే లక్ష్మి వాటి వెంటే నడిచిపోతుంది. పారే నీళ్ళుంటే ఈశాన్యం గోడకు పెట్టాలి. చివరగా హెచ్‌ఆర్ వాళ్ళ షరతు: చూసినవాళ్ళకు ఒత్తిడి తగ్గాలి. కాబట్టి రైతు మొహంలో ఒత్తిడి కనపడకూడదు. రాత్రి రెండింటి దాకా క్లయింటు కాల్‌లో కూర్చున్న కుర్రాడికి మనశ్శాంతి కలిగించడం కూడా ఇప్పుడు రైతు డ్యూటీయే. అన్నం పెట్టింది చాలక.

అలాంటి బొమ్మ ఒకదాన్ని కాస్త దగ్గరికి పోయి చూశాను. ఒక మూల దుక్కి దున్నుతున్నారు, ఇంకో మూల కోత కోస్తున్నారు, మధ్యలో నాటు వేస్తున్నారు. మూడూ ఒకే సాయంత్రం. కోనసీమ కొబ్బరిచెట్లు, కరీంనగర్ గుట్టలు ఒకే గట్టు మీద సర్దుకుపోయాయి. రాష్ట్ర విభజన సంగతి బొమ్మ దాకా రాలేదు. నాటు వేసే ఆడవాళ్ళు అయిదుగురు వరసగా వంగి ఉన్నారు. ఎర్రచీర, పసుపు చీర, నీలం చీర. పిక్కల దాకా దమ్ములో దిగినా ఒక్క చీరకూ బురద అంటలేదు. వాళ్ళ ముందు ఖాళీ మడి, వెనక పచ్చగా నాటేసిన వరసలు. అంటే ముందుకు నడుస్తూ నాటుతున్నారన్నమాట! నాటు వేసే మనిషి ఎప్పుడూ వెనక్కి అడుగేస్తుంది. ముందుకు వేస్తే అప్పుడే గుచ్చిన నారు తన కాలికిందే పడుతుంది.

ఫ్రేము దుమ్ము తుడుస్తున్న హౌస్‌కీపింగ్ అక్కది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. బొమ్మ ఎట్లుందక్కా అని అడిగితే ఒక్క చూపు చూసింది. "నాటు ఎవలు గుత్త పట్టిన్రో గని, పైసలియ్యొద్దు సార్. ఏసిందంతా తొక్కుకుంట పోతున్రు" అని చెప్పి బకెట్ తీసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

చిత్రకారుణ్ణి అనడం అన్యాయమే. ఆ బిల్డింగులో ప్రతి సోమవారం అందరికీ ముందుకే నడవమని చెబుతారు. వెనక్కి నడిచేవాళ్ళను గోడకెక్కిస్తే అప్రైజల్ టైములో లేనిపోని ఆలోచనలు వస్తాయి.

అసలు తెలంగాణలో ఇప్పుడు చాలాచోట్ల నాటు వేసేది చీరకట్టు ఆడవాళ్ళు కూడా కాదు. బిహార్ నుంచి, బెంగాల్ నుంచి, యూపీ నుంచి వచ్చిన కుర్రాళ్ళ బృందాలు. నిక్కర్లు, బనియన్లు, గట్టు మీద పెట్టిన ఫోన్లో భోజ్‌పురి పాట, ఎకరానికింతని గుత్త. కోసేది హార్వెస్టర్. మోటారు ఆటో స్టార్టర్ మీద తనంతట తానే ఆడుతుంది. మందు కొట్టడానికి డ్రోన్ వచ్చేసింది. సైబరాబాద్ కంపెనీలు సాంకేతికతనే తిని బతుకుతాయి కదా, వాటి గోడల మీది రైతు దగ్గర మాత్రం ఒక్క స్క్రూ కూడా ఉండదు. చిప్పులన్నీ మనకు, చిల్లుల పంచె ఆయనకు.

పల్లెలో నిజంగా కాన్వాసంత దృశ్యం కావాలంటే నవంబర్‌లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోవాలి. తారురోడ్డు సగం మేర ఆరబోసిన వడ్లు, మీద నీలం పరదాలు, పరదాల అంచుల మీద రాళ్ళు. కుప్ప పక్కన చెప్పుల మీద కూర్చున్న మనిషి మబ్బు వైపు చూస్తుంటాడు, సౌందర్యం కోసం మాత్రం కాదు. మిషన్‌లో గుప్పెడు వడ్లు పోస్తే మ్యాచర్, అంటే తేమ, 17 శాతం దాటింది, మళ్ళీ ఆరబెట్టు. 17కు దిగిందని సంతోషించేలోపు గన్నీ సంచులు లేవంటారు. సంచులొస్తే హమాలీలుండరు, హమాలీలొస్తే లారీ రాదు. లారీ మిల్లు గేటు దాకా పోయాక తాలు ఉందని బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు. ఈలోపు వాన. వాన వెలిశాక ఆ పరదాల మడతల్లో నిలిచిన నీళ్ళు, తడిసిన వడ్ల బంగారు రంగు, మొలకెత్తిన అడుగు పొర: రంగులు కలపడం తెలిసినవాడికి ఇంతకంటే పండగ ఏముంది? కానీ అది గీస్తే పేచీ. ఆ చెప్పుల మీది మనిషి కాన్వాసులోంచి తల తిప్పి తరుగెందుకు తీశారని అడుగుతాడు. లాబీలో ప్రశ్నలడిగే అధికారం రిసెప్షన్‌కు మాత్రమే ఉంది: "ఎవరిని కలవాలి సార్?"

ఈ కిటుకు మనవాళ్ళు కనిపెట్టింది కాదు. లండన్ నేషనల్ గ్యాలరీలో థామస్ గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో వేసిన ఆండ్రూస్ దంపతుల బొమ్మ ఉంది. ఓక్ చెట్టు కింద బెంచీ మీద పట్టు గౌనులో ఆమె, చంకలో తుపాకీతో ఆయన, కాళ్ళ దగ్గర కుక్క. ఇంకో పక్కన కోసి కట్టలు నిలబెట్టిన గోధుమ చేను, గీత గీసినట్టు సాళ్ళు. కోసిందెవరు, కట్టలు కట్టిందెవరు? చేను మొత్తంలో కూలీ నీడ కూడా లేదు. వందేళ్ళ తర్వాత, 1857లో, ఫ్రాన్సులో చిత్రకారుడు మిలే అదే పని తిరగేసి చేశాడు: పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళను కాన్వాసు నిండా గీశాడు. పారిస్ పెద్దమనుషులకు అందులో తిరుగుబాటు కనిపించి గుండె దడ పట్టుకుంది. వంగి గింజలేరుకునే మనిషి వల్ల తిరుగుబాటేమిటని మనకనిపిస్తుంది గానీ, వాళ్ళ భయంలో అర్థముంది: కనిపించిన కూలీ లెక్క అడుగుతాడు.

గెయిన్స్‌బరో యజమానిని గీసి కూలీని తుడిచేశాడు. మన లాబీ బొమ్మ అంతకంటే తెలివైంది, కూలీని గీసి యజమానిని తుడిచేసింది. పొలం ఎవరిది? పట్టా ఎవరి పేరున ఉంది? కౌలు ఎంత? ఒక్క ముక్క చెప్పదు. చెప్పే అవసరమూ లేదు, యజమాని బొమ్మ ముందే నిలబడి కాఫీ తాగుతున్నాడు. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, అదీ పాసుపుస్తకం ఉన్నవాడికి. దున్నేవాడెవడని అడగలేదు, ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ ఇచ్చారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు రైతు భరోసా అయింది, 2025 జనవరి నుంచి ఎకరానికి ఏడాదికి 12,000 అన్నారు. కౌలుదారుది మాత్రం పాత చోటే, గుమ్మం బయట. నోటిమాట కౌలుకు కాగితముండదు, కాగితం లేనివాడు సర్కారు లెక్కలో రైతు కాడు. ఫలితం చూడండి: బొమ్మలో నాగలి పట్టినవాడి ఖాతాలో ఏమీ పడదు, బొమ్మ కింద సోఫాలో కూర్చున్న పట్టాదారు ఫోను టింగుమంటుంది. రైతే రాజు అని మెసేజ్ కూడా వస్తుందేమో.

చిత్రకారుల మీద నాకు పగ లేదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తాను. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలనూ బతుకమ్మనూ గీశాడంటే ఆ జాతరల్లో తిరిగినవాడు కనక. బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం గీసిన ఆడవాళ్ళు, నుదుట అంత బొట్టుతో, ఎవరి లాబీనీ అలంకరించడానికి పుట్టినట్టు ఉండరు. చూసేవాడినే ఎగాదిగా చూస్తారు. వాళ్ళను నకలు చేసి, బొట్టు ఉంచి చూపు తీసేసిన సరుకు గురించే నా బాధంతా. మెదక్ జిల్లా నిజాంపూర్ మనిషి లక్ష్మాగౌడ్ 1970ల్లో వేసిన ఎచింగులు చూడండి. మేకలు, చెట్లు, మనుషులు, కోరిక, చెమట అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. అదీ ఊరే. దాన్ని ఏ అడ్మిన్ కమిటీ ముందైనా పెట్టి చూడండి, హెచ్‌ఆర్ వాళ్ళు మొట్టమొదట దర్యాప్తు సంఘం వేస్తారు.

ఇంకో సంగతి. ఇన్ని లాబీల్లో పత్తి చేను ఎక్కడైనా కనిపించిందా? తెలంగాణలో వరితో పోటీపడే పంట. విచ్చిన పత్తి చేను చూడ్డానికి ఎంత బాగుంటుంది, పైగా తెలుపు రంగు ఏ సోఫాకైనా నప్పుతుంది. అయినా ఎవరూ అడగరు. 1997-98లో వరంగల్ వైపు లద్దెపురుగు పత్తిని తినేసింది. అప్పు చేసి తెచ్చిన మందు పురుగును చంపలేకపోయింది గానీ మనిషిని చంపగలిగింది. అదే డబ్బా తాగి వందలమంది రైతులు పోయారు. ఆ 1998లోనే నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడాది, ఒకే పత్రికలో పక్కపక్క కాలాలు. అందుకే కాబోలు, సైబరాబాద్ గోడల మీద పత్తి పూయదు.

మరుసటి ఏడు మెకిన్సీ కన్సల్టెన్సీ సాయంతో అదే రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 పత్రం తెచ్చింది. అదీ ఒక ప్రకృతి చిత్రమే, కాకపోతే రంగులకు బదులు శాతాలతో గీశారు. దాని ప్రకారం భూమిని నమ్ముకున్నవాళ్ళు 70 శాతం నుంచి 40కి తగ్గాలి. తగ్గినవాళ్ళు ఎక్కడికి పోవాలో ఆ పటంలో లేదు. ఆ 70 శాతాన్ని ఎవరైనా అడిగారా అంటే, ఒక్కసారి అడిగారు, ప్రభుత్వం కాదు. 2001 జూన్ చివర జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' పేరుతో జ్యూరీ కూర్చుంది. చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. పల్లె భవిష్యత్తు మూడు రకాలుగా ఎలా ఉండొచ్చో వాళ్ళకు వీడియోలు వేసి చూపించారు: విజన్ 2020 దారి ఒకటి, ఎగుమతికి పండించే సేంద్రియ సేద్యం ఒకటి, ఊరి అవసరాలకు ఊరే పండించుకునేది ఒకటి. సాక్షులను పిలిపించి ఎదురు ప్రశ్నలు వేశారు. తర్వాత తీర్పు చెప్పారు. ఆ 70ని 40 చేయడం మాకొద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, బీటీ పత్తి సహా జన్యుమార్పిడి పంటలు వద్దు.

బొమ్మలో ఉండాల్సినవాళ్ళే బొమ్మను చూసి బాగాలేదని చెప్పిన సందర్భం తెలుగునాట నాకు తెలిసి అదొక్కటే. ఫలితం? 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చేసింది. జ్యూరీని మళ్ళీ పిలిచినట్టు నేను వినలేదు. అడిగితే అడ్డం తిరుగుతారని తెలిశాక, అడగక్కర్లేని రైతు కావాలి కదా. ఆయిల్‌పెయింటులో దొరుకుతాడు, ఆక్రిలిక్‌లో ఇంకా చవక.

ఇక భూమి ధర. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికితే నోళ్ళు వెళ్ళబెట్టాం. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో అది 177 కోట్లయింది. లాబీ బొమ్మలోని రైతుకు ఈ ఎకరం ఇచ్చామనుకుందాం. పాతిక క్వింటాళ్ళ దిగుబడి, రెండు పంటలు, 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర 2,389. ఖర్చులు తీయకుండా, తరుగు తీయకుండా, పెళ్ళాం బిడ్డలకు తిండి పెట్టకుండా లెక్కేసినా ఆ 177 కోట్లు రావడానికి దాదాపు 14,800 ఏళ్ళు పడుతుంది. మానవజాతి వ్యవసాయం మొదలుపెట్టే అన్నేళ్ళు కాలేదు. ఆ స్థలంలో లేచే టవర్ లాబీలో పెట్టే వరిమడి బొమ్మకు ఎనిమిదడుగులు చాలు. కొన్ని టవర్లలో చెరువు బొమ్మ పెడతారు, కలువలతో సహా. మాదాపూర్‌లో తమ్మిడికుంట ఉంది, దుర్గం చెరువు ఉంది. నిండు చెరువు హద్దు, అదే ఎఫ్‌టీఎల్ గీత, ఎటు పోయిందో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చి చూపించేదాకా చాలామందికి తాము చెరువు గట్టున ఉన్నారో చెరువులోనే ఉన్నారో తెలియలేదు. చెరువు బొమ్మ కిందున్న ఫ్లోరింగే ఒకప్పటి చెరువైతే, దాన్ని ప్రకృతి చిత్రం అనాలా, పాత ఫొటో అనాలా?

బొమ్మలను ప్రభుత్వం పట్టించుకోదని మాత్రం అనకండి. 2025 మార్చి చివర, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు దిగాయి. ఐటీ పార్కు కోసమన్నారు. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి వంద ఎకరాల దాకా చెట్లు నేలకూలాయి. ఇంతలో జింకలూ నెమళ్ళూ పారిపోతున్నట్టు ఏఐతో చేసిన బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. అంతే, సర్కారు ఒక్కసారిగా కళావిమర్శకు దిగింది. బొమ్మ నకిలీది, జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది, కేసులు పెట్టండి! జిబ్లీ శైలి బొమ్మను పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా గచ్చిబౌలి పోలీసులు నోటీసిచ్చారు. నకిలీ బొమ్మ నకిలీదే, దాన్ని సమర్థించను. కానీ కూలిన చెట్లు ఏఐ చేసినవి కావు. లేని జింకను చూపితే నేరమైనప్పుడు, లేని అరకను, లేని తీరికను, లేని మిగులును ఇరవై ఏళ్ళుగా లాబీల్లో చూపిస్తున్నవాళ్ళకు ఏ సెక్షన్ వర్తిస్తుందో ఆ పోలీసులే చెప్పాలి.

సంక్రాంతి గురించి ఎక్కువ రాయను, రాస్తే మా అపార్ట్‌మెంట్‌లో నన్ను వెలివేస్తారు. గేటెడ్ కమ్యూనిటీకి గంగిరెద్దు ఉదయం తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా బుక్ అవుతుంది, హరిదాసు ఆ తర్వాత స్లాటు. గంగిరెద్దు పార్కింగ్‌లో పేడ వేస్తే డిపాజిట్‌లో కోత. పక్కనే 1992 నుంచి శిల్పారామం ఉంది. అందులో పల్లె మ్యూజియం, నిలువెత్తు బొమ్మలు, టికెట్ కొంటే ఊరు చూసి రావచ్చు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఊళ్ళుగా ఉన్నప్పుడు టికెట్ లేకుండానే చూపించేవాళ్ళు, మనకే తీరలేదు.

బొమ్మతో తృప్తి తీరనివాళ్ళకు ఫామ్ ప్లాట్లున్నాయి. శంకర్‌పల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ దారుల్లో ప్రతి మలుపులో హోర్డింగ్: వారాంతపు రైతు కండి, మట్టివాసన మీ హక్కు. అయిదు గుంటలు, అంటే 605 గజాలు. అందులో కొన్ని శ్రీగంధం మొక్కలు, చుట్టూ ఫెన్సింగ్, మధ్యలో క్లబ్‌హౌస్, చూసుకోవడానికి కంపెనీ మనిషి. బ్రోచర్ అట్ట మీద మళ్ళీ అదే బొమ్మ: వరిమడి, ఎద్దులు, తలపాగా. మా బంధువుల కుర్రాడొకడు, కోడింగ్‌లో దిట్ట, సైటు చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. అంతా చూశాక ఆశగా అడిగాడు: "అన్నా, ఇందులో వరి వేసుకోవచ్చా?"

సేల్స్ అబ్బాయి కంగారుపడ్డాడు. "వరా? వద్దు సార్, అసోసియేషన్ ఒప్పుకోదు. నీళ్ళు నిలిస్తే దోమలొస్తాయి, క్లబ్‌హౌస్ పక్కనే కదా."

"మరి అట్ట మీద ఉంది?"

"అది బొమ్మ సార్."